పీజీడబ్ల్యూపీ ముగుస్తోంది, శరణార్థి కేసు వేయమంటున్నారు. వేయవచ్చా?

బ్రాంప్టన్ శీను

అందరికీ నమస్కారం. నేను 2022 జనవరిలో స్టడీ పర్మిట్ మీద కెనడాలోని ఒంటారియో వచ్చాను. డిప్లొమా పూర్తిచేసి, ఇప్పుడు పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ (పీజీడబ్ల్యూపీ) మీద ఒక రెస్టారెంటులో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఈ జూన్‌తో పర్మిట్ అయిపోతుంది.

పీఆర్ (శాశ్వత నివాసం) కోసం నా చేతనైనదంతా చేశాను. మా యజమాని ఎల్ఎంఐఏ, అంటే విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవడానికి ప్రభుత్వ ఆమోదం, ఇప్పించాడు. పీఆర్‌కు పాయింట్లతో ఎంపికచేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో దాని 50 పాయింట్లు కలిపి నా స్కోరు 519 అయింది. 2025 ఫిబ్రవరి 5న కెనడాలో పని అనుభవం ఉన్నవారికి జరిగిన ఎంపిక, అంటే సీఈసీ డ్రా, 521 దగ్గర ఆగింది. రెండు పాయింట్లతో పోయింది. వచ్చేసారి చూద్దాం అనుకునేలోపు మార్చి 25న ఉద్యోగానికి ఇచ్చే పాయింట్లనే ఎత్తేశారు. ఇప్పుడు నా స్కోరు 469. 2025 మొత్తం మీద సీఈసీ డ్రా ఒక్కటి కూడా 500 కిందికి రాలేదు. ఇంటి దగ్గర చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు.

తెలిసినవాళ్ల ద్వారా ఒక ఏజెంటు దొరికాడు. "శరణార్థి కేసు వేద్దాం. విచారణకు పిలిచేసరికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఓపెన్ వర్క్ పర్మిట్ వస్తుంది, వైద్యం ఉచితం" అంటున్నాడు. 3,500 డాలర్లు అడిగాడు. కథ కూడా ముందే టైపు చేసి పెట్టుకున్నాడు. వేరే కులం అమ్మాయిని ప్రేమించాననీ, ఆమె తండ్రి రాజకీయ నాయకుడనీ, చంపుతామని మనుషుల్ని పంపాడనీ రెండు పేజీలు. ఊరి పేరు రావలసిన చోట, అమ్మాయి పేరు రావలసిన చోట గీత గీసి ఖాళీ వదిలాడు. "అవి నువ్వు నింపుకో" అన్నాడు. పాస్‌పోర్టు కాపీ, ఫొటోలు ఇచ్చాను. సంతకం ఇంకా చేయలేదు.

వేసినవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి, కానీ విషయం చెప్పి తిట్టండి.

హైవే 401

తమ్ముడూ, నేను 2023లో వేశాను. మెడికల్ పరీక్ష అయ్యాక కొన్ని నెలలకే వర్క్ పర్మిట్ వచ్చింది. ట్రక్కు లైసెన్సు తీసుకున్నాను, బండి నడుపుతున్నాను, పన్ను కడుతున్నాను. విచారణ తేదీ ఇంతవరకు రాలేదు. వచ్చినప్పుడు చూసుకుందాం. నీతులు చెప్పేవాళ్లు ఎవరూ నీ అప్పుకు వాయిదా కట్టరు. ఇక్కడ వేలమంది విద్యార్థులు ఇదే పని చేస్తున్నారు. నువ్వొక్కడివి మానేస్తే వ్యవస్థ బాగుపడదు. నీ ఇష్టం.

మిస్సిసాగా రావు

ఇలాంటి సలహాలు చదివితే ఒళ్లు మండుతోంది. మేము 2008లో వచ్చాము. ఫైలు వేసి ఏళ్ల తరబడి ఎదురుచూసి, చదువుకున్న చదువుకు సంబంధం లేని ఉద్యోగాలు చేసి నిలబడ్డాము. ఇప్పుడేమో రెండు పేజీల కట్టుకథకు వర్క్ పర్మిట్! 2024 ఒక్క సంవత్సరంలోనే లక్షా 70 వేలకు పైగా శరణార్థి దరఖాస్తులు వచ్చాయి. అందులో దాదాపు ఇరవై వేలు విద్యార్థులవి. తెల్లవాళ్లు మనల్నందరినీ ఒకే గాటన కట్టి చూస్తున్నారంటే తప్పెవరిది? ప్రభుత్వం కఠినంగా ఉండాలి. వచ్చిన ఏడాదిలోపు అడగనివాడికి తలుపు మూసేయాలి. అందుకోసం పార్లమెంటులో పెట్టిన బిల్లును నేను సంపూర్ణంగా సమర్థిస్తున్నాను.

శీనూ, నీకు చట్టప్రకారం దారి లేకపోతే ఇండియా వెళ్లిపో. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

దుబాసీ

శీనూ, మా అబ్బాయి వయసు వాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను వకీలును కాను, కన్సల్టెంటునూ కాను. ఇమ్మిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు విచారణల్లో తెలుగు, హిందీ దుబాసీగా పనిచేస్తాను. అక్కడ విన్న ఏ ఒక్కరి కథా బయట చెప్పను, దాని మీద ప్రమాణం చేసి కూర్చుంటాము. కానీ అక్కడ పని జరిగే పద్ధతి రహస్యమేమీ కాదు.

ముందు నీ ఏజెంటు వదిలిన ఆ ఖాళీల సంగతి చెబుతాను. నీ కథ వెళ్లేది బేసిస్ ఆఫ్ క్లెయిం అనే ఫారంలోకి. ఎవరు హాని చేశారు, ఎందుకు చేశారు, పోలీసులకు చెప్పావా, దేశంలో వేరే చోటికి ఎందుకు వెళ్లలేదు, బయటికి వచ్చాక శరణు అడగడానికి ఎందుకు ఆలస్యం చేశావు అని అందులో వరుసగా అడుగుతారు. చివర్లో ఇదంతా నిజమని నువ్వు సంతకం చేస్తావు. ఏజెంటు చేయడు. ఫారం నీకు నీ భాషలో చదివి వినిపించాల్సి వస్తే, ఆ పని చేసిన దుబాసీ కూడా పేరు రాసి సంతకం చేయాలి. రాసిపెట్టిన ఏజెంటు పేరు మాత్రం ఎక్కడా కనిపించదు, లైసెన్సు లేనివాడు కనబడకుండా చూసుకుంటాడు.

విచారణలో కూర్చునేవారిని మెంబర్ అంటారు. ఇప్పుడు చాలావరకు వీడియోలోనే జరుగుతాయి. నువ్వు నీ గదిలో, మెంబర్ వేరే ఊళ్లో, నేను మా వంటింటి పక్క గదిలో తలుపేసుకుని. సినిమాల్లోలాగా ఎవరూ గద్దించరు. మెల్లగా, మర్యాదగా అడుగుతారు. ఆమెతో ఆఖరిసారి మాట్లాడింది ఫోనులోనా, నేరుగానా? ఏ నెలలో? అప్పుడు వర్షాలు మొదలయ్యాయా? ఆ ఫోను ఇప్పుడెక్కడుంది? ఆమె తండ్రి ఏ పదవిలో ఉన్నాడు, ఎన్నికల్లో ఎప్పుడు గెలిచాడు? నిజంగా అనుభవించినవాడు కూడా తేదీలు తడబడతాడు, అది మెంబర్లకు తెలుసు. కానీ అతనికి తేదీ గుర్తు లేకపోయినా, ఆ రోజు వాకిట్లో ఎవరెవరు నిలబడ్డారో గుర్తుంటుంది. కంఠతా పట్టినవాడికి తేదీ సరిగ్గా గుర్తుంటుంది, వాకిలి గుర్తుండదు.

ఇక భారతదేశం నుంచి వచ్చిన కేసుల్లో దాదాపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. మీ ఊళ్లో ప్రమాదమే అనుకుందాం, ముంబైలో ఉండలేరా? ఢిల్లీలో? కోల్‌కతాలో? అక్కడిదాకా వెతుక్కుంటూ వచ్చేంత బలం వాళ్లకు ఉందా, వచ్చేంత అవసరం ఉందా? ఒక జిల్లా నాయకుడి మీద అల్లిన కథ అక్కడే కూలిపోతుంది. ప్రేమ నిజమో అబద్ధమో తేల్చే దాకా కూడా పోనక్కర్లేదు.

నువ్వు దిగింది 2022 జనవరిలో. చదువుకున్నావు, ఉద్యోగం చేశావు, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైలు పెట్టుకున్నావు. ప్రాణభయం ఉన్న మనిషి ఇన్నేళ్లూ ఆ మాట ఎందుకు ఎత్తలేదని అడిగితే ఏమంటావు? పైగా నీ ఫైలులోనే నీ స్టడీ పర్మిట్ దరఖాస్తు ఉంటుంది. చదువయ్యాక తిరిగి వెళ్లిపోతానని, ఇంటి దగ్గర కుటుంబం, ఆస్తి ఉన్నాయని అందులో నువ్వే రాసిచ్చి ఉంటావు.

రావు గారు చెప్పిన బిల్లు నీకు సూటిగా తగులుతుంది. మొదట 2025 జూన్ 3న సి-2గా, తర్వాత అక్టోబరులో సి-12గా పార్లమెంటు ముందుకు వచ్చిన నిబంధన అది. 2020 జూన్ 24 తర్వాత కెనడాలో మొదటిసారి అడుగుపెట్టి, ఏడాది దాటాక శరణు అడిగితే ఆ కేసు బోర్డుకు వెళ్లదు. 2025 జూన్ 3 నుంచి వేసిన కేసులకూ వర్తించేలా రాశారు. అలాంటివారికి మిగిలేది పీఆర్ఆర్ఏ అనే ముప్పు అంచనా మాత్రమే. దాన్ని ఇమ్మిగ్రేషన్ శాఖ అధికారి ఎక్కువగా కాగితాల మీదే తేలుస్తాడు. అంటే నీ ఏజెంటు అమ్ముతున్నది ఏళ్ల తరబడి నడిచే వరుసలో ఒక చోటు. నీ విషయంలో ఆ చోటే ఉండదు. అతనికి ఈ సంగతి తెలియక కాదు, నీ 3,500 ఈలోపే చేతులు మారుతాయి.

వేస్తే జరిగేవి మరికొన్ని చెబుతాను. కేసు వేసినప్పుడే నీ మీద షరతులతో కూడిన డిపార్చర్ ఆర్డర్ (దేశం విడిచి వెళ్లమనే ఉత్తర్వు) రాస్తారు. కేసు నడిచినంతకాలం అది నిద్రపోతుంది, ఓడిన తర్వాత లేస్తుంది. అప్పుడు 30 రోజుల్లో బయలుదేరి, వెళ్లినట్టు సరిహద్దు అధికారుల దగ్గర నమోదు చేయించుకోకపోతే అది డిపోర్టేషన్ ఆర్డర్‌గా మారుతుంది. ఆపైన తిరిగి రావాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర పెట్టుకుంటారు. ఒకసారి కేసు ఓడినా, వెనక్కి తీసుకున్నా జన్మలో మళ్లీ కెనడాలో శరణు అడగలేవు. ఓడిన తర్వాత మానవతా కారణాల మీద దరఖాస్తు చేసుకోవడానికి కూడా సాధారణంగా 12 నెలలు ఆగాలి. కట్టుకథ అని తేలి తప్పుడు సమాచారం సెక్షను పడితే ఐదేళ్లు ఈ దేశంలోకి రాలేవు. నీ వేలిముద్రలు అమెరికాతోనూ పంచుకుంటారు.

హైవే 401 గారు చెప్పింది అబద్ధం కాదు. ఆయన వేసినప్పుడు ఈ నిబంధన లేదు, వర్క్ పర్మిట్ నిజంగానే వచ్చింది. ఆయన్ను నేను తప్పుపట్టడం లేదు, ఆయన కేసు ఏమిటో నాకు తెలియదు. అబద్ధమని ముందే అనుకునే హక్కు నాకు లేదు, రావు గారికీ లేదు.

బ్రాంప్టన్ శీను

అక్కా, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఏజెంటుకు ఫోన్ చేసి ఏడాది నిబంధన గురించి అడిగాను. "అవన్నీ పేపర్లో వార్తలు, మా వాళ్లకు అందరికీ అవుతున్నాయి" అన్నాడు. లైసెన్సు నంబరు అడిగితే ఫోన్ పెట్టేశాడు. తర్వాత "రేట్లు పెరుగుతున్నాయి, శుక్రవారంలోపు చెప్పు" అని మెసేజీ పెట్టాడు.

మిస్సిసాగా రావు

దుబాసీ గారూ, మీరు చెప్పినదాన్ని బట్టే చూసినా నా మాటే నిలిచింది కదా. ఏడాది నిబంధన ఉంది కాబట్టే ఈ అబ్బాయి ఆగుతున్నాడు. సంస్కరణ పనిచేస్తోంది. మరి నాకు హక్కు లేదని ఎందుకంటున్నారు?

దుబాసీ

రావు గారూ, శీను ఆగాడు, సంతోషం. ఇప్పుడు ఇంకొకరిని చూడండి. ఒక సూడాన్ విద్యార్థి 2021లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. వాళ్ల దేశంలో యుద్ధం మొదలైంది 2023 ఏప్రిల్ 15న. అప్పటికి అతను వచ్చి ఏడాది దాటిపోయింది. డిగ్రీ అయ్యాక, పర్మిట్ అయ్యాక తిరిగి వెళ్లడానికి ఖార్తూములో ఇల్లు లేదు. అతను శరణు అడిగితే, ఈ నిబంధన ప్రకారం, శీనును ఆపిన తలుపు దగ్గరే అతనూ ఆగిపోతాడు. మధ్యలో ఒకసారి ఇంటికి వెళ్లివచ్చినా గడియారం మళ్లీ మొదలవదు, మొదటిసారి దిగిన తేదీ నుంచే లెక్క. తేదీని చూసే నిబంధనకు మనిషి కనిపించడు. మీరు కోరుకున్నది అబద్ధం చెప్పేవాడిని ఆపడం. ఇది ఆలస్యంగా అడిగినవాడిని ఆపుతుంది. ఆ ఇద్దరూ ఒకరు కారు.

ఈ దేశంలో శరణు అడిగినవాడి మాట ఎదురుగా కూర్చుని వినాలన్న నియమం ఎలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. 1985కు ముందు అధికారి ఒకరు వాంగ్మూలం తీసుకునేవాడు, దాన్ని ఒక కమిటీ చదివేది. నిర్ణయించేవారికి మనిషి ముఖం కనిపించేది కాదు. సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1985 ఏప్రిల్ 4న అది చెల్లదని చెప్పింది. కోర్టుకు వెళ్లినవారిలో ఎక్కువమంది భారతదేశం నుంచి వచ్చిన సిక్కులు. ఈ నేల మీద భౌతికంగా ఉన్న ప్రతి మనిషికీ రాజ్యాంగంలోని హక్కుల పత్రమైన చార్టర్ రక్షణ ఉంటుందని జస్టిస్ బర్తా విల్సన్ రాశారు. ఆ తీర్పు వల్లే 1989లో ఈ బోర్డు పుట్టింది. నాకు జీతం వచ్చేదీ ఆ తీర్పు వల్లే, కాబట్టి నా మాటను కొంచెం తగ్గించుకుని వినండి.

అసలు జబ్బు ఎక్కడుందో హైవే 401 గారి మొదటి మాటలోనే ఉంది: "విచారణ తేదీ ఇంతవరకు రాలేదు." 2021 చివరికి బోర్డు దగ్గర పెండింగులో ఉన్నవి 60 వేలలోపు. 2024 చివరికి 2 లక్షల 70 వేలు దాటాయి. విచారణ ఆరు నెలల్లో అయిపోతే శీను ఏజెంటుకు అమ్మడానికి సరుకేమీ మిగలదు. ఆరు నెలల వర్క్ పర్మిట్ కోసం ఎవరూ 3,500 డాలర్లు పెట్టరు. వరుస పెరిగేకొద్దీ అబద్ధానికి గిరాకీ పెరుగుతుంది, ఆ గిరాకీ వరుసను ఇంకా పెంచుతుంది. మధ్యలో నలిగేది నిజంగా భార్యాపిల్లల్ని అక్కడ వదిలి వచ్చినవాడు. కేసు గెలిచేదాకా వాళ్లను పిలిపించుకోలేడు. పిల్లవాడు తండ్రి ముఖం ఫోనులోనే చూస్తూ పెద్దవాడవుతాడు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కూడా కాదు. 1989లో బోర్డు మొదలయ్యేనాటికే పాత కేసులు గుట్టలుగా ఉంటే వాటికి విడిగా ఒక కార్యక్రమం పెట్టాల్సి వచ్చింది. 2012 డిసెంబరులో పెద్ద సంస్కరణ అన్నారు. కొత్త కేసులు 60 రోజుల్లో వినాలని గడువు పెట్టారు. కొన్ని దేశాలను సురక్షితమని జాబితా వేసి వాటికి ఇంకా తక్కువ గడువు పెట్టారు. అప్పీలు విభాగం తెచ్చారు, అది మంచిపని. కానీ ఆ గడువులకు సరిపడా మనుషుల్ని ఇవ్వలేదు. కొత్తవాటిని అందుకోవడానికి పాత కేసులను పక్కనపెట్టారు. 2012లో ఆగిపోయినవాళ్లను వినడానికి 2017లో ప్రత్యేక బృందం వేయాల్సి వచ్చింది. సురక్షిత దేశాల జాబితాను 2019లో ఖాళీ చేసేశారు.

ముందు చేరిన దేశంలోనే శరణు అడగాలని అమెరికాతో చేసుకున్న ఒప్పందాన్ని 2023 మార్చి 25న సరిహద్దు పొడవునా విస్తరించారు. క్యూబెక్‌లో జనం సరిహద్దు దాటివచ్చే రాక్సమ్ రోడ్డు మూతపడింది. అంతకుముందు ఏడాది అక్కడా ఆ చుట్టుపక్కలా దాదాపు 39 వేల మంది దాటారు. సరే, మూశారు. ఆ తర్వాత విమానాశ్రయాల్లో, దేశం లోపల వేసిన కేసులతో 2024 లెక్క ఇంకా పైకి పోయింది. 2023 జులైలో టొరంటోలో 129 పీటర్ స్ట్రీట్‌లోని ఆశ్రయ కేంద్రం ముందు శరణార్థులు కాలిబాట మీద పడుకోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. నేను అటు వెళ్లి చూశాను. ఎక్కువమంది ఆఫ్రికా దేశాలవాళ్లు. సూట్‌కేసుల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని ఉన్నారు, వానకు ఫారాలు తడవకుండా. ఖర్చు నగరానిదా, కేంద్రానిదా అని వాదులాట నడుస్తుండగా నల్లజాతీయుల చర్చిలు వాళ్లను లోపలికి తీసుకున్నాయి. ఫొటో తీసి ఇళ్లకు పంపుకునే పరిస్థితి కాదు అది. వైద్యం ఉచితం, పర్మిట్ ఖాయం అని చెప్పే ఏజెంట్లు ఆ వీధి చూపించరు.

విద్యార్థుల సంగతికి వస్తే, తప్పంతా పిల్లల మీద వేయకండి. 2019లో ఒంటారియో ప్రభుత్వం స్థానిక విద్యార్థుల ఫీజు 10 శాతం కోసి అక్కడే బిగించింది. ఆ లోటు కాలేజీలు ఎవరితో పూడ్చుకున్నాయో బ్రాంప్టన్‌లో బస్సెక్కితే తెలుస్తుంది. 2023 చివరికి దేశంలో స్టడీ పర్మిట్ ఉన్నవాళ్లు పది లక్షలు దాటారు. అదే ఏడాది నకిలీ అడ్మిషన్ లెటర్ల గొడవ వచ్చి, ఎక్కువగా పంజాబీ పిల్లలకు దేశం విడిచిపొమ్మని నోటీసులు వచ్చాయి. ఆ లెటరు నిజమో కాదో కాలేజీని అడిగి చూసుకునే పద్ధతి 2023 డిసెంబరు 1న గాని మొదలవలేదు. అంతకాలం ఒక్క ఈమెయిలు పంపాలని ఎవరికీ తోచలేదు! తర్వాత 2024 జనవరిలో పర్మిట్లకు పరిమితి పెట్టారు, అక్టోబరులో పీఆర్ లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3 లక్షల 95 వేలకు దించారు. రమ్మని పిలిచి, ఫీజులు తీసుకుని, మధ్యలో లెక్కలు మార్చారు. ఆ రెండు పాయింట్ల బాధ నాకు అర్థమవుతుంది. దానికి మందు శరణార్థుల బోర్డు దగ్గర లేదు.

నన్నడిగితే, మెంబర్లను పెంచండి. స్పష్టంగా ముప్పున్న దేశాలవారిని విచారణ లేకుండా కాగితాల మీదే ఒప్పుకునే పద్ధతి 2019 నుంచి ఉంది, దాన్ని ఇంకా వాడండి. కొత్తగా వచ్చిన కేసులను వెంటనే వినండి, కానీ 2012లోలాగా పాతవాళ్లను అటక మీద పడేయకండి. కన్సల్టెంట్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ, కన్సల్టెంట్ల కాలేజీ, 2021 నవంబరులో వచ్చింది, మంచిదే. లైసెన్సు ఉన్నవాడినే అది క్రమశిక్షణలో పెడుతుంది. ఖాళీలు వదిలిన కథలు అమ్మేవాడి మీద సరిహద్దు పోలీసులు కేసులు పెట్టాలి. కథ కొన్న కుర్రాడిని పంపేయడం తేలిక, అందుకే ముందు ఆ పని జరుగుతుంది.

హాలిఫాక్స్ సుధ

రాజకీయం పెద్దవాళ్లకు వదిలేసి రెండు పనికొచ్చే మాటలు. శీనూ, నీ 469 అంత పనికిరానిది కాదు. 2025 మార్చి 21న ఫ్రెంచ్ వచ్చినవారికి జరిగిన డ్రా 379 దగ్గర ఆగింది. నాలుగు నైపుణ్యాల్లోనూ ఏడో స్థాయి రావాలి. సున్నా నుంచి మొదలుపెడితే జూన్‌లోపు కాదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. కానీ ఇండియా వెళ్లి చదువుకుని అక్కడి నుంచి కూడా ప్రొఫైలు నడపవచ్చు, ఇక్కడి పని అనుభవం వెంటనే పోదు. ప్రావిన్సులు పీఆర్‌కు తామే ఎంచుకునే నామినీల కోటా 2025లో బాగా కోశారు. 2026 లక్ష్యాన్ని 55 వేల నుంచి 91,500కు పెంచారు. ఒంటారియో ఒక్కటే ప్రపంచం కాదు, చిన్న ప్రావిన్సుల పేజీలు రోజూ చూడు. పర్మిట్ గడువు దాటాక ఒక్క షిఫ్టు కూడా చేయకు. ఆ ఒక్కటి చేస్తే మిగిలినవన్నీ చెడిపోతాయి.

బ్రాంప్టన్ శీను

కేసు వేయడం లేదు. ఏజెంటుకు వద్దని చెప్పాను. కానీ నా పాస్‌పోర్టు కాపీ, ఫొటోలు అతని దగ్గరే ఉన్నాయి. నాకు చెప్పకుండా వేసేస్తే?

దుబాసీ

ఫోనులో చెప్పడం కాదు, ఈమెయిలులో రాయి. నా పేరు మీద ఏ దరఖాస్తూ వేయడానికి అనుమతి లేదని, నా కాగితాలు చెరిపేయమని. ప్రతినిధిని నియమించే ఫారం మీద నువ్వు సంతకం చేయలేదని కూడా అందులో స్పష్టంగా ఉండాలి. ఆ రెండు పేజీల కథ కాపీ, రేట్లు పెరుగుతున్నాయన్న మెసేజీ చెరిపేయకు, రెండూ దాచిపెట్టు. కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైటులో పేర్ల జాబితా అందరికీ కనిపిస్తుంది, అతని పేరు ఉందేమో వెతుకు. లేకపోతే లైసెన్సు లేనివాడని అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. కొన్ని వారాల తర్వాత ప్రైవసీ చట్టం కింద నీ ఇమ్మిగ్రేషన్ ఫైలు కాపీ అడుగు, దానికి రుసుము లేదు. ఏమైనా వేసి ఉంటే అందులో కనిపిస్తుంది.

హైవే 401

దుబాసీ గారూ, ఒక ప్రశ్న. నాది 2023 కేసు. కథ నాది కాదు. వెనక్కి తీసుకుంటే గొడవ వదిలిపోతుందా?

దుబాసీ

ఒంటరిగా ఆ పని చేయకండి. వెనక్కి తీసుకుంటే ఆ డిపార్చర్ ఆర్డర్ అమల్లోకి వస్తుంది, అక్కడి నుంచి 30 రోజులు. వర్క్ పర్మిట్ మీద బండి నడుపుతున్నారు, ఇంటి అద్దె, బండి వాయిదా ఉంటాయి, ఇవన్నీ లెక్కేసుకోకుండా ఫారం పంపితే ఇబ్బంది పడతారు. ఫారంలో ఉన్నదాన్ని విచారణకు ముందు సరిచేసుకునే వీలు కూడా ఉంది. మీకు ఏది నప్పుతుందో చెప్పాల్సింది వకీలు. లీగల్ ఎయిడ్ ఒంటారియోకు ఫోన్ చేసి, శరణార్థి కేసులు చూసే లైసెన్సున్న వకీలు కావాలని అడగండి. వాళ్లకు ఇప్పుడు ఇక్కడ రాసిన మాటే చెప్పండి, వకీలుతో చెప్పింది బయటికి పోదు. ఇక్కడ మాత్రం ఇంతకంటే రాయకండి, వీలైతే పైన రాసినది కూడా తీసేయమని నిర్వాహకులను అడగండి.